కానుక ఇచ్చిన చేతిని చూసి వాక్యం మార్చవద్దు



ఈ వారం నా తోటి సేవకులతోను, సంఘ పెద్దలతోను, అందరికంటే ముందు నాతోను ఒక కఠినమైన మాట మాట్లాడవలసి ఉంది. మనం ఎవరిని సంతోషపెట్టడానికి పులిపీఠం ఎక్కుతున్నాం? దేవునినా, మనుష్యులనా?

కొన్నేళ్ళ క్రితం జరిగిన సంగతి చెబుతాను. మా సంఘంలో కూలి పని చేసుకునే ఒక సహోదరుడు కొడుకు పెళ్ళికి కట్నం మాట్లాడుకున్నాడని తెలిసి, నేను వాళ్ళింటికి వెళ్ళి గద్దించాను. కట్నం పాపమని, 1961 నుండి చట్టప్రకారం నేరం కూడానని చెప్పాను. ఆయన లోబడి మానుకున్నాడు. మరుసటి ఏడాది, మందిరానికి రేకులు, మైకు సెట్టు ఇచ్చిన పెద్దాయన కొడుక్కి పెళ్ళి. కట్నం ఎంతో ఊరంతటికీ తెలుసు. నేనేం చేశాను? బైబిలు పట్టుకుని వెళ్ళి, ప్రార్థన చేసి, విందు తిని, కవరు తీసుకుని వచ్చాను. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ కూలి సహోదరుడు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఒక్క మాట అడిగాడు: "అయ్యగారూ, కట్నం పాపమన్నది మా పేటకేనా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ప్రియులారా, సౌలు రాజు రాజ్యం పోగొట్టుకున్నది ఎందుకు? జనులకు భయపడి వారి మాట వినినందుకు. ఆ సంగతి అతడే సమూయేలు ఎదుట ఒప్పుకున్నాడు (1 సమూయేలు 15:24). అహరోను బంగారు దూడను పోసినదీ జనం ఒత్తిడికే. పిలాతు యేసులో ఏ నేరమూ కనుగొనలేదు. అయినా జనసమూహాన్ని తృప్తిపరచడానికే ఆయనను సిలువకు అప్పగించాడు. మనుష్యులను మెప్పించే సేవ చివరికి ఎక్కడికి చేరుతుందో చూశారా? అది క్రీస్తునే అప్పగిస్తుంది.

అహాబు దగ్గర ఇంచుమించు 400 మంది ప్రవక్తలు ఉండేవారు. అందరిదీ ఒకటే ప్రవచనం: యుద్ధానికి వెళ్ళు, జయం నీదే. మీకాయా ఒక్కడే నిజం చెప్పాడు. దానికి అతనికి దొరికిన కానుక చెంపదెబ్బ, చెరసాల. కాని రామోత్గిలాదులో ఎవరి మాట నెరవేరింది? (1 రాజులు 22). ఈ రోజుల్లో ఆ 400 మందికి కొదువ లేదు. ఈ ఏడాది నీకు ఇల్లు, కారు, వీసా అని చెప్పేవారికి సభలు నిండుతున్నాయి. వడ్డీకి తిప్పే విశ్వాసికి ముందు కుర్చీ వేస్తున్నాం. కులం చూసి సంబంధం కలుపుకునే పెద్దల ఎదుట గలతీ పత్రిక రెండవ అధ్యాయం తెరవడానికి భయపడుతున్నాం. అంతియొకయలో పేతురు మనుష్యులకు భయపడి అన్యజనుల బంతి నుండి లేచి వెళ్ళినప్పుడు, పౌలు అందరి ఎదుటే అతన్ని నిలదీసిన అధ్యాయం అది.

కొందరు సేవకులు అంటారు: "బ్రదర్, గట్టిగా చెబితే ఉన్న నాలుగు కుటుంబాలూ పక్క సంఘానికి పోతాయి. పిల్లల ఫీజులు ఎలా కట్టాలి?" ఈ భయం నాకు తెలియనిది కాదు. కాని రోగి బాధపడతాడని జబ్బు పేరు దాచే డాక్టరును మనం మంచివాడంటామా? మరికొందరు, పౌలు అందరికీ అన్నివిధములైనవాడయ్యాడు కదా అంటారు. నిజమే. అయితే ఎందుకు? వారిని రక్షించడానికి, వారి దగ్గర పొందడానికి కాదు. పొరుగువాని క్షేమం కోసం అతన్ని సంతోషపెట్టడం ప్రేమ. మన జీతం కోసం అతన్ని సంతోషపెట్టడం వ్యాపారం.

ఇంకొక హెచ్చరిక. నోటి దురుసు నమ్మకత్వం కాదు. పేదవాని మీద కేకలు వేసి, ధనవంతుని ఎదుట గొంతు తగ్గించేవాడు ధైర్యవంతుడు కాడు. నాతాను దావీదు ఎదుట నిలిచి, ఆ మనుష్యుడవు నీవేనని చెప్పాడు. రాజు ఎదుట చెప్పాడు, రాజు పశ్చాత్తాపపడేలా చెప్పాడు. మన కొలత అదే.

సంఘమా, మీకూ ఒక మాట. మీరిచ్చే కానుక దేవునికి. దానితో కాపరి నోరు కొనవద్దు. మీకు నచ్చిన మాటే చెప్పే సేవకుణ్ణి వెతుక్కుంటే అలాంటివాడే దొరుకుతాడు. దొరకడమే మీకు శిక్ష.

ఆ తర్వాతి వారం నేను ఆ కవరు తిరిగి ఇచ్చి, పెద్దాయనతో చెప్పవలసినది చెప్పాను. కూలి సహోదరుణ్ణి క్షమాపణ అడిగాను. పెద్దాయన కొన్ని నెలలు మందిరానికి రాలేదు. కానుకల పెట్టె తేలికైంది. కాని ఆ పెట్టె మీద ఆధారపడి ఉన్న నా గుండె కూడా తేలికైంది. సంఘం మూతపడలేదు.

ఒక దినాన ప్రధాన కాపరి ఎదుట నిలబడతాం. ఎంతమంది మెచ్చుకున్నారని ఆయన అడగడు. నేను చెప్పమన్నది చెప్పావా అని అడుగుతాడు. ఆ దినానికి జవాబు సిద్ధపరచుకుందాం.

మీ కాపరి కోసం ప్రార్థించండి. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.