రాణి చేతిలో ఏముంది?

"రాణిని పట్టు, గుంపంతా నీదే." తేనెటీగల పెంపకం గురించి రెండు మాటలు విన్నవాడెవడైనా మూడో మాటగా చెప్పేది ఇదే. రాజుగారి వెనక సైన్యం కదిలినట్టు రాణి వెనక ఈగలు కదులుతాయట! ఎవరు చూశారు?

చూసినవాళ్ళు చెప్పింది వేరు. వసంతంలో పట్టు కిక్కిరిసి, కొత్త రాణుల గదులు లేవగానే కూలి ఈగలు పాత రాణికి మేత తగ్గిస్తాయి. ఎక్కి కుదుపుతాయి, ఒకచోట నిలవనివ్వవు. గుడ్లు తగ్గి, పొట్ట లోపలికి పోయి, ఎగరగలిగేంత తేలికయ్యాక బయటికి తోలుతాయి. పస్తులుపెట్టి ఇల్లు వదిలించినదాన్ని పట్టుకుని ఏలిక అందామా?

పోనీ, కొత్త ఇల్లయినా ఆవిడే చూస్తుందా? 1949లో మ్యూనిక్‌లో తేనెటీగల పరిశోధకుడు మార్టిన్ లిండావర్ ఒక గుంపు మీద నాట్యమాడుతున్న ఈగల్ని చూశాడు. వాటి ఒంటి మీద పుప్పొడి లేదు. కొన్ని మసి పూసుకుని నల్లగా, కొన్ని ఇటుక పొడితో ఎర్రగా ఉన్నాయి. యుద్ధంలో కూలిన ఆ నగరంలో పొగగొట్టాలూ గోడల బొరియలూ గాలించి వచ్చిన వేగులవి. తరవాత మరో పరిశోధకుడు థామస్ సీలీ, నాట్యంతో ఈ వేగులు సాగించే బేరసారాలను ఏళ్ళ తరబడి లెక్కగట్టాడు. పదివేల ఈగల గుంపులో వేగులు కొన్ని వందలే. ఒక తొర్ర దగ్గర ఒకేసారి ఇరవై ముప్పై వేగులు పోగయ్యాయంటే అక్కడికి మాట ఖాయమైనట్టే. అవే వెనక్కొచ్చి గుంపును లేపుతాయి, అవే దారి చూపుతాయి. ఈ పంచాయితీ నడిచినంతసేపూ రాణి గుత్తి మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఆవిణ్ణి అడిగినవాళ్ళు లేరు.

"మరి రాణి దారిలో తప్పిపోతే గుంపు వెనక్కి తిరుగుతుందిగా?" అంటారు. తిరుగుతుంది. పెళ్ళికూతురు కనబడకపోతే పెళ్ళి ఆగదా? అంతమాత్రాన ముహూర్తం పెట్టింది పెళ్ళికూతురేనా?

మాటల్లో తేడాయే కదా అని వదిలేద్దామంటే, ఈ తప్పు పెట్టెలదాకా వచ్చింది. మన పుట్ట తేనెటీగ గుంపును పెట్టెలో దించగానే ద్వారానికి రాణి గేటు బిగిస్తారు. కూలి ఈగలు దూరతాయి, రాణి దూరలేదు. పాత రాణితో వచ్చిన మొదటి గుంపుకు కొన్నాళ్ళు పనికొస్తుంది, కాదనను. కానీ ఆ తరవాత వారం పది రోజులకు లేచే చిన్న గుంపులో ఉండేది కన్నె రాణి. అది ఆకాశంలోకి ఎగిరి పోతుటీగలతో జతకట్టి రావాలి. దానికీ తలుపు బిగిస్తే?

మా వీధిలో ఒకాయన ఫిబ్రవరిలో మునగ కొమ్మ నుంచి గుప్పెడు గుంపును దించి, అంతే శ్రద్ధగా గేటు బిగించాడు. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ళకింద నీళ్ళ గిన్నెలు, మీద తాటాకు నీడ, అన్నీ అమర్చాడు. నెల దాటాక నన్ను పిలిస్తే చట్రం ఎత్తి చూశాను. కూలి ఈగల గదుల్లోనే మూతలు పైకి ఉబ్బి, ఒక్కోదాని నడిమధ్య సూదిబెజ్జమంత రంధ్రం. అన్నీ పోతుటీగలే! జతకట్టని రాణి అంతకన్నా ఏం పెడుతుంది? గేటు చూపించి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. విని, రాణి జాతే మంచిది కాదని తేల్చాడు.