మంచిగనే నడుస్తుంది గదా, ఎందుకు గెలుకుడు?

దసరాకి హన్మకొండ వెళ్తే మా బావకీ నాకూ పెద్ద వాదనైంది. రాజకీయాలూ కాదు, పొలం గట్లూ కాదు. టీవీ కింద సెట్‌టాప్ బాక్సు పక్కన గుర్రుమంటూ పడుండే ఓ నల్ల డబ్బా గురించి. అదేనండీ, నాస్. రెండు హార్డ్‌డిస్కులు, చిన్న ప్రాసెసరు, లోపల ఓ బుల్లి లైనక్సు. అక్క పెళ్ళి వీడియో నుంచి నానమ్మ ఆఖరి బతుకమ్మ ఫొటోల దాకా అన్నీ అందులోనే. ఇంకో కాపీ ఎక్కడా లేదు.

ఊరికే ఉండలేక ఎస్‌ఎస్‌హెచ్‌లో దూరి అపాచీ వెర్షన్ చూశాను. 2.2.34! 2017 జూలైలో వచ్చింది. 2.2 వరసలో అదే ఆఖరిది, ఆ తర్వాత అపాచీ వాళ్ళు దానికి నీళ్ళొదిలేశారు. పోనీలే అనుకుందామంటే, రౌటర్లో 8080 పోర్టు బయటికి బార్లా తెరిచి ఉంది. హైదరాబాద్ నుంచి ఫొటోలు చూసుకోడానికని బావే పెట్టాడట. అందుకోసం డబ్బులు కట్టి మరీ స్టాటిక్ ఐపీ తీసుకున్నాడు. (అది లేకపోతే సీజీనాట్ వెనకాల కాస్త దాక్కుని ఉండేది పాపం :))

అప్డేట్ చేద్దామంటే బావ సమాధానం: "మంచిగనే నడుస్తుంది గదరా, ఎందుకు గెలుకుడు?"

ఈ మాట మా బాపు అంటే ఊరుకునేవాణ్ణి. బావ కూడా సాఫ్ట్‌వేరే! శనివారం రాత్రి రెండింటికి లేచి, ఛేంజ్ టికెట్ పెట్టి, అమెరికా క్లయింటు సర్వర్లకి ప్యాచులేసే మనిషి. ఎవరిదో బీమా కంపెనీ డేటాకున్న పాటి విలువ నానమ్మ ఫొటోలకి లేదా? ఇది ఒక్క మా బావ జబ్బు కాదు. మనలో సగం మందికుంది.

"మన డబ్బాని ఎవడు హ్యాక్ చేస్తడు, మనమేమన్న అంబానీలమా" అన్నాడు. అయ్యా, ఎవడూ కూర్చుని మన ఇల్లు వెతుక్కోడు. స్క్రిప్టు రాత్రింబగళ్ళు ఐపీలన్నీ తడుముతూ పోతుంది, తెరిచిన తలుపు దొరికితే దూరుతుంది. 2014 ఆగస్టులో సైనాలజీ డబ్బాల్ని తాళమేసి డబ్బులడిగిన సైనోలాకర్ ఎలా వచ్చింది? ఆ కన్నానికి కంపెనీ 2013 డిసెంబరులోనే ప్యాచ్ ఇచ్చింది. వేసుకోనివాళ్ళు బలయ్యారు. 2021 ఏప్రిల్‌లో క్యూనాప్ డబ్బాల్లోకి దూరిన క్యూలాకర్ ఫైళ్ళని 7-జిప్‌లో కట్టి, పాస్‌వర్డ్ కావాలంటే 0.01 బిట్‌కాయిన్ అంది.

అన్నిటికంటే ఘోరం 2021 జూన్‌లో. వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ డబ్బాలు పెట్టుకున్న జనాలు పొద్దున్న లేచి చూస్తే డిస్కు ఖాళీ. డబ్బులు కూడా అడగలేదు, ఉత్తపుణ్యానికి తుడిచేశారు. ఆ మోడల్‌కి ఆఖరి ఫర్మ్‌వేర్ 2015లో వచ్చింది. ఇంకా చిత్రం ఏంటంటే, ఫ్యాక్టరీ రీసెట్ చేసే పీహెచ్‌పీ ఫైల్లో పాస్‌వర్డ్ అడిగే లైన్లున్నాయి. కానీ ఎవరో కామెంట్ చేసి వదిలేశారు! ఆ కోడ్ రివ్యూ చేసిన మహానుభావుడెవరో గానీ...

బావ కూడా తక్కువోడేం కాదు. "మరి 2021 అక్టోబర్‌ల అపాచీ సంగతేంది?" అన్నాడు. నిజమే. అప్పుడు కన్నం పడింది కొత్త 2.4.49కే, పాతది వాడినవాళ్ళు హాయిగా ఉన్నారు. దాన్ని పూడుస్తామని వదిలిన 2.4.50 కూడా సరిగ్గా పూడ్చలేదు. ఒప్పుకున్నాను. కానీ మూడ్రోజుల్లో 2.4.51 వచ్చింది. మన 2.2కి రేపు కన్నం బయటపడితే ఎన్నాళ్ళకొస్తుంది? ఎప్పటికీ రాదు. దానికి మాత్రం బావ దగ్గర జవాబు లేదు.

సరే, తీరా అప్డేట్ చేద్దామని కూర్చుంటే అసలు కథ మొదలైంది. అపాచీ ఫర్మ్‌వేర్లో భాగం. విడిగా కొత్తది తెచ్చి పెట్టాను, రీబూట్ చేస్తే పాతదే మళ్ళీ ప్రత్యక్షం. రూటంతా ఫ్లాష్‌లోంచి కొత్తగా పరుచుకుంటుంది మరి. వెర్షన్ నంబర్ పాతదైనా లోపల ప్యాచులు వేసి ఉండొచ్చు, డెబియన్ వాళ్ళు అలాగే చేస్తారు కదా అని రిలీజ్ నోట్స్ చూశాను. "బగ్ ఫిక్సులు, స్టెబిలిటీ మెరుగుదలలు" అని ఒక్క ముక్క. ఏ బగ్గో, ఏం మెరుగో ఆ దేవుడికే ఎరుక. సపోర్టుకి రాస్తే, మీ మోడల్ కాలం తీరింది, కొత్తది కొనుక్కోండన్నారు.

డిస్కులు బాగున్నాయి, బోర్డు బాగుంది. దేనికి తీరింది కాలం? పాల ప్యాకెట్ మీద కూడా ఎప్పటిదాకా వాడొచ్చో తేదీ ఉంటుంది. ఇరవై వేలు పోసి కొన్న డబ్బా మీద ఎన్ని టెరాబైట్లో ఉంటుంది గానీ అప్డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో ఉండదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి ఆ తేదీ చెప్పి తీరాలని చట్టం. మనం మాత్రం అడగను కూడా అడగం, ఆఫర్ ఎంతో అడుగుతాం.

ఆ సాయంత్రమే 8080 మూసేశాను. డబ్బా తనంతట తాను తలుపులు తెరవకుండా రౌటర్లో యూపీఎన్‌పీ కూడా ఆపేశాను. అక్కకి ఫొటోలు కావాలంటే వీపీఎన్‌లోంచి రావాల్సిందే. మొత్తం ఓ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి ఎక్కించడానికి తెల్లారింది. ఆ డిస్కు ఇప్పుడు అమ్మ బీరువాలో పట్టుచీరల కింద ఉంది, ఏ వైరూ లేకుండా.

బావ మూడ్రోజులు మాట్లాడలేదు. నిన్న ఫోన్ చేసి, ఉప్పల్‌లో వాళ్ళింట్లో కూడా అదే మోడల్ ఉందనీ, రౌటర్ పాస్‌వర్డ్ మర్చిపోయాననీ చెప్పాడు. ఆదివారం వెళ్తున్నాను.