దయ్యాలకు లేని భయం మనుషులతో

ఈ మధ్య వరసగా కొన్ని భయానక చిత్రాలు, వాటి మధ్యలో రెండు డాక్యుమెంటరీలు చూశాను. నిద్రపట్టనివ్వనివి డాక్యుమెంటరీలే. సినిమాలు మాత్రం కోపం తెప్పించాయి.

2023 ఏప్రిల్‌లో విడుదలైన 'విరూపాక్ష' తీసుకోండి. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో ఊరంతా కలిసి ఒక జంటను సజీవంగా తగలబెట్టడంతో కథ మొదలవుతుంది. ఇది మన పల్లెల్లో జరుగుతున్న నేరమే. కానీ సినిమాకు ఆ నేరంతో పనిలేదు. పన్నెండేళ్ల తర్వాత ఆ ఊళ్లో వచ్చే చావులు నిజంగానే క్షుద్రశక్తి వల్ల జరుగుతున్నాయట! వాటి వెనుక ఉన్నది చనిపోయిన వాళ్ల కూతురట! అంటే చేతబడి ఉంది, చేసే ఆడది మన మధ్యనే నవ్వుతూ తిరుగుతూ ఉంటుంది, కనిపెట్టడమే మగవాడి పని. ఊరి అనుమానానికి ఇంతకన్నా గొప్ప సాక్ష్యం ఏం కావాలి? సినిమా వచ్చిన రెండు నెలలకు, 2023 జూన్‌లో, సంగారెడ్డి జిల్లా సదాశివపేట మండలంలో ఇదే అనుమానంతో ఒక దంపతులను చెట్టుకు కట్టేసి కొట్టారు. సినిమా చూసి కొట్టారని నేననను. కొట్టిన చేతులకు ఆ నమ్మకం ఎప్పటినుంచో ఉంది. ఆ నమ్మకం తప్పని చెప్పగలిగిన చోట సినిమా అవునని తల ఊపింది. అభ్యంతరం అదీ.

'మసూద' (2022) చూస్తూ ఇంకోరకంగా చిరాకుపడ్డాను. భర్త నుంచి విడిపోయి కూతుర్ని ఒంటరిగా పెంచుకుంటున్న తల్లి పాత్ర చాలా బాగుంది. అలాంటి స్త్రీ తెలుగు తెరమీద కనబడటమే అరుదు. కానీ భయం కావలసి వచ్చేసరికి మరో స్త్రీ, అదీ ఒక ముస్లిం స్త్రీ, నల్ల బురఖాలో కావలసి వచ్చింది. ఇంతకన్నా పాత 'అరుంధతి' (2009) ఒక విధంగా నయం. అందులో పీడించే ప్రేతం స్త్రీలను చెరిచిన మగవాడు. అయినా వాణ్ణి చంపే ఆయుధం కోసం జేజెమ్మ తన ఎముకలే ఇవ్వాల్సి వచ్చిందనుకోండి!

ఇక 'టెస్టిమనీ ఆఫ్ ఆనా'. సచిన్ ధీరజ్ ముదిగొండ తీసిన చిన్న చిత్రం, 68వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ నాన్‌ఫీచర్ చిత్రంగా ఎంపికైంది. గుజరాత్‌లోని డాంగ్ ప్రాంతపు ఆదివాసీ వృద్ధురాలు, మంత్రగత్తె అన్న ముద్ర తనకెలా పడిందో, తననేం చేశారో తన నోటితోనే చెబుతుంది. ఆ ముఖం చూశాక తెల్లచీర, విరబోసుకున్న జుట్టు ఎంత చవకబారు సరుకో అర్థమవుతుంది. నిషా పహూజా తీసిన 'టు కిల్ ఎ టైగర్' (2022) మంత్రాల గురించి కాదు. జార్ఖండ్‌లో సామూహిక అత్యాచారానికి గురైన పదమూడేళ్ల పిల్ల కోసం పోరాడే తండ్రి కథ. దోషుల్లో ఒకడికే ఆ పిల్లనిచ్చి పెళ్లిచేస్తే గొడవ ఉండదని అక్కడ పెద్దలు సలహా ఇస్తారు. అరుపులు లేవు. మామూలు గొంతుతో, మనకు బాగా పరిచయమున్న గొంతుతో అన్న ఆ మాట వింటే ఒళ్లు జలదరిస్తుంది.

మంత్రాల నెపం ఎవరి మీద పడుతుందో కార్యకర్తలకు చెప్పనక్కర్లేదు. విధవ, ముసలిది, పిల్లల్లేనిది, ఎదురు మాట్లాడేది, భర్తపోయాక భూమిలో వాటా అడిగేది. మగవాళ్లను కూడా చంపుతున్నారు, నిజమే. అయితే ఆ మగవాళ్లు కూడా ఎక్కువగా పేదలు, అండలేని వాళ్లే. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో మంత్రాల నెపంతో జరిగిన హత్యలు 2021లో 68, 2022లో 85. కొట్టించుకుని ఊరొదిలిపోయినవాళ్లు ఈ అంకెల్లోకి రారు.

"ఇది కల్పితం, మూఢనమ్మకాలను ప్రోత్సహించడం మా ఉద్దేశం కాదు" అన్న రెండు ముక్కలు తెరమీద చదవడానికైనా వీల్లేనంత వేగంగా పోతాయి. సిగరెట్టు వెలిగిస్తే చాలు, 2012 నుంచి హెచ్చరిక అక్కడే కనబడి తీరాలి. ఆడదాన్ని తగలబెట్టే సన్నివేశానికి ఆపాటి నిబంధన కూడా అక్కర్లేదా?

బీహార్‌లో 1999లో, జార్ఖండ్‌లో 2001లో, ఛత్తీస్‌గఢ్‌లో 2005లో, ఒడిశాలో 2013లో దీనిమీద ప్రత్యేక చట్టాలు వచ్చాయి. దభోల్కర్ హత్య తర్వాత మహారాష్ట్ర, 2017లో కర్ణాటక అదే దారి పట్టాయి. మన చుట్టూ ఉన్న ఇన్ని రాష్ట్రాల జాబితాలో మన రెండు రాష్ట్రాలు లేవు. అడగవలసింది శిక్ష ఒక్కటే కాదు. జరిమానా వేసి వెలివేసిన కులపెద్దలను నిందితులుగా చేర్చాలి, ఊరొదిలిన స్త్రీకి ఆమె ఇల్లూ పొలమూ తిరిగి దక్కించే పూచీ కలెక్టరు మీద పెట్టాలి. ఆ రెండూ ముసాయిదాలో లేకపోతే సంతకం పెట్టొద్దు.