పూర్వము ప్రబలమా, పరము ప్రబలమా? - విశ్వాసపరివర్తన తర్కమును గూర్చి ఒక విమర్శ

తర్కసంగ్రహపాఠములో బాధితమను హేత్వాభాసము చివర వచ్చును. అగ్ని వేడి లేనిది, ద్రవ్యము గనుక అని ఒకడు అనుమానము చేయగా, చేతికి తగిలిన వేడియే ఆ అనుమానమును త్రోసివేయునని చెప్పి అధ్యాపకుడు పాఠమును ముగించును. విద్యార్థి ఐదవ దోషముగా దానిని కంఠస్థము చేసి పరీక్షలో వ్రాయును. ఆ ఉదాహరణములో దాగియున్న ప్రశ్న మాత్రము పాఠములో రాదు. రెండు జ్ఞానములు పరస్పరము విరోధించినపుడు ఏది నిలువవలెను? ఏది తొలగవలెను? తొలగునది తనతోపాటు మరి వేనిని తీసికొనిపోవును? ఈ ప్రశ్ననే కేంద్రముగా గొని పాశ్చాత్యతర్కములో నలుబది ఏండ్లుగా ఒక ప్రత్యేకశాఖ పెరుగుచున్నది. దానిని ప్రాచ్యకళాశాలలు ఇంతవరకు తగినంతగా పట్టించుకొనలేదు.

1985లో 'జర్నల్ ఆఫ్ సింబాలిక్ లాజిక్' అను పత్రికలో కార్లోస్ ఆల్చురోన్, పీటర్ గార్డెన్‌ఫోర్స్, డేవిడ్ మేకిన్సన్ అను మువ్వురు కలసి ప్రకటించిన వ్యాసము ఈ శాఖకు మూలము. వారి పేళ్ళ మొదటి అక్షరములనుబట్టి దీనికి ఏ.జి.ఎం. సిద్ధాంతమని వ్యవహారము. ఆల్చురోన్ అర్జెంటీనా దేశపు ధర్మశాసనవేత్త. ఒక శాసనసంహితనుండి ఒక నిబంధనను రద్దు చేసినపుడు, మిగిలిన నిబంధనలే కలసి దానిని తిరిగి సిద్ధింపజేయుచున్నచో వానిలో దేనిని తొలగింపవలెనన్నది ఆయనను వేధించిన ప్రశ్న. గార్డెన్‌ఫోర్స్ స్వీడన్ దేశపు తత్త్వవేత్త. విశ్వాసములు మారు తీరును గూర్చి ఆయన వేరొక మార్గమున ఆలోచించుచుండెను. రెండు మార్గములును ఒకే గణితరూపమున కలసినవి.

వారి మతమున విశ్వాసపరివర్తనము మూడు విధములు. ఉన్న విశ్వాసములకు క్రొత్తదానిని చేర్చుట విస్తరణము. ఉన్నదానిని విడుచుట సంకోచము. విరోధముండగా క్రొత్తదానిని స్వీకరించి తక్కినవానిని సరిదిద్దుకొనుట పరిష్కరణము. పరిష్కరణమునకు ముందుగా క్రొత్తదానికి విరుద్ధమైన విశ్వాసమును సంకోచింపజేసి, పిదప క్రొత్తదానిని చేర్చవలెనని ఐజాక్ లెవి అను తత్త్వవేత్త చూపిన క్రమమును వారు గ్రహించిరి. ఈ పనులు ఎట్లు జరిగినచో యుక్తమగునో తెలుపుటకు కొన్ని నియమములను కూర్చిరి. వానిలో ముఖ్యమైనవి మూడు. క్రొత్తగా వచ్చినది తప్పక స్వీకరింపబడవలెను. ఫలితము పరస్పరవిరోధము లేనిదై యుండవలెను. అవసరమునకు మించి పూర్వవిశ్వాసములను విడువరాదు.

ఒక ఉదాహరణముతో ఇది స్పష్టమగును. ఒక తాళపత్రప్రతిని పరిష్కరించు పండితుడు మూడు విషయములను నమ్మినాడనుకొనవలెను. ఆ ప్రతిని గ్రంథకర్తయే స్వహస్తముతో వ్రాసెను. గ్రంథకర్త 1650 నాటికి గతించెను. ప్రతియంతయు ఒకే చేతివ్రాత. పిదప చివరి ఆకుమీద, ఆ ప్రతి వ్రాసిన కాలముగా 1702కు సరిపోవు శకసంఖ్య కనబడినది. ఈ నాలుగును కలసి నిలువవని తర్కము చెప్పును. ఏది విడువవలెనో చెప్పదు. స్వహస్తలేఖనమును విడువవచ్చును. కవికాలమును విడువవచ్చును. చివరి ఆకు వేరొకరు చేర్చినదనియు అనవచ్చును. ఈ ఎన్నికకు ఆధారముగా విశ్వాసములకు తారతమ్యక్రమము ఒకటి కావలసియుండును. 1988లో గార్డెన్‌ఫోర్స్, మేకిన్సన్‌లు దీనినే 'ఎపిస్టెమిక్ ఎన్‌ట్రెంచ్‌మెంట్' అను పేర ప్రతిపాదించిరి. ఎంత లోతుగా నాటుకొన్న విశ్వాసమో అంత కడపట విడువబడునని దాని భావము.

ఇంతవరకు చదివిన శాస్త్రపండితునకు రెండు విధములైన స్పందనములు కలుగవచ్చును. ఇదంతయు మీమాంసలో ఉన్నదే అనునది మొదటిది. ఈ గణితమునకు శాస్త్రమునకు సంబంధము లేదనునది రెండవది. రెండును తొందరపాటే. మొదటిది సామ్యమును చూచి భేదమును మరచును. రెండవది భేదమును చూచి ప్రశ్న ఒకటేనన్న సంగతిని మరచును.

సామ్యము నిజముగనే కలదు. పూర్వమీమాంస మూడవ అధ్యాయము మూడవ పాదమున శ్రుతి, లింగము, వాక్యము, ప్రకరణము, స్థానము, సమాఖ్య అను ఆరు ప్రమాణములు విరోధించినపుడు వరుసలో తరువాతిది దుర్బలమని నిర్ణయింపబడినది. అర్థమును తెలుపుటలో ఎంత దూరమైనదో అంత దుర్బలమని అందులకు హేతువు. ఇది ఒక తారతమ్యక్రమము. ఆల్చురోన్ శాసననిబంధనలనుండి బయలుదేరినట్లే జైమినియు విధివాక్యములనుండి బయలుదేరెను. కావున ఈ పోలిక కేవలము యాదృచ్ఛికము కాదు. పరస్పరవిరోధము గల ఆజ్ఞలను ఒక వ్యవస్థగా నిలుపవలసిన ప్రతిశాస్త్రమును ఈ ప్రశ్నను ఎదుర్కొనక తప్పదు.

అయినను అసలు విలువ భేదమునందే కలదు. ఏ.జి.ఎం. నియమములలో మొదటిదానిని, అనగా క్రొత్తది తప్పక గెలువవలెననుదానిని, మరల చూడవలెను. ఎవరో వచ్చి ఏదో చెప్పినంతమాత్రమున దానిని నమ్మి పాతదానిని త్రోసివేయుట వివేకియైనవాని లక్షణమా? ఈ ఆక్షేపమును ఆ శాఖలోనివారే చేసిరి. మేకిన్సన్ స్వయముగా 1997లో, కొన్ని విశ్వాసములను కదల్చరానివిగా నుంచి వానితో విరోధించు వార్తను తిరస్కరించు పద్ధతి నొకదానిని ప్రతిపాదించెను. కాని ఏవి కదల్చరానివి, ఎందువలన అను ప్రశ్నకు గణితము సమాధానము చెప్పదు. అది బయటినుండి ఇయ్యబడవలసినదే.

మీమాంసకులు ఇక్కడ ఒక అడుగు ముందుకు వేసిరి. వారియొద్ద రెండు న్యాయములు కలవు. ఆరవ అధ్యాయము ఐదవ పాదమున అపచ్ఛేదన్యాయము కలదు. జ్యోతిష్టోమమున బహిష్పవమానస్తోత్రమునకు ఋత్విజులు ఒకరి కచ్ఛమును ఒకరు పట్టుకొని వరుసగా పోవుదురు. ఉద్గాత పట్టు విడిచినచో దక్షిణ లేకుండ యాగమును ముగించి మరల చేయవలెను. ప్రతిహర్త విడిచినచో సర్వస్వమును దక్షిణగా ఇయ్యవలెను. ఇద్దరును ఒకరి తరువాత ఒకరు విడిచినచో తరువాతిదే ప్రబలము. ఇద్దరును ఒకేసారి విడిచినచో వికల్పము. మూడవ అధ్యాయము మూడవ పాదములోని ఉపక్రమన్యాయము దీనికి ఎదురు. అక్కడ ముందువచ్చిన వేదశబ్దమే ప్రబలము, తరువాత వచ్చిన ఋక్ మొదలైన శబ్దములు దాని ననుసరించియే అర్థము చెప్పుకొనవలెను. విరోధి పుట్టకమునుపే స్థిరపడినది గనుక మొదటిది బలము గలది.

ఈ రెంటికిని పొత్తు కుదిర్చినది అపేక్ష. పరము పూర్వముమీద ఆధారపడియున్నచో పూర్వము ప్రబలము. రెండును పరస్పరనిరపేక్షములైనచో పరము ప్రబలము. ఏకవాక్యతయందు చివరి భాగమునకు మొదటి భాగము కావలెను. ఋత్విజుల అపచ్ఛేదములకు ఒకదానితో ఒకదానికి పని లేదు. క్రొత్తదే గెలుచునా అను ప్రశ్నకు ఇది ఒక ఉత్తరము. గెలుచునో లేదో కాలము నిర్ణయింపదు, ఆశ్రయాశ్రయిభావము నిర్ణయించును. ఈ విషయమై వాదములు చల్లారినవి కావు. అప్పయ్యదీక్షితులు ఉపక్రమపరాక్రమమును వ్రాయగా విజయీంద్రతీర్థులు ఉపసంహారవిజయమును వ్రాసిరి. గ్రంథనామములే ఆ వివాదపు తీవ్రతను తెలుపుచున్నవి.

నవ్యన్యాయము వేరొక దారిని పోయినది. ఒక వస్తువునందు ఒక ధర్మము లేదను నిశ్చయము, ఆ వస్తువునందు ఆ ధర్మము కలదను జ్ఞానము పుట్టకుండ అడ్డగించునని ఆ మతము. తర్కసంగ్రహకర్తయు ఆంధ్రుడుగా ప్రసిద్ధుడునైన అన్నంభట్టు, బాధసత్ప్రతిపక్షములు అనుమితినే సాక్షాత్తుగా అడ్డగించుననియు, తక్కిన హేత్వాభాసములు పరామర్శమును అడ్డగించుననియు దీపికలో విభజించెను. కావున ఇక్కడ సామాన్యముగా పూర్వనిశ్చయమే గెలుచును. కాని దీనికి పరిమితులు కలవు. అడ్డగించు నిశ్చయము అప్రామాణ్యజ్ఞానము తగులనిదై యుండవలెను. అడ్డగింపబడు జ్ఞానము లౌకికసన్నికర్షమువలన పుట్టినది కారాదు, దోషవిశేషమువలన పుట్టినదియు కారాదు. ఎదుటనున్నది పామేయని నిశ్చయించినవానికిని దీపము తెచ్చినచో త్రాడు కనబడును. శంఖము తెల్లనిదని నిశ్చయముగా తెలిసినవానికిని కామెర్ల వ్యాధియందు అది పచ్చగనే కనబడును. క్రొత్తజ్ఞానము ఎక్కడనుండి వచ్చినదన్న విచారము లేకుండ దాని గెలుపోటములను చెప్పరాదని దీని తాత్పర్యము. ఏ.జి.ఎం. రూపమున క్రొత్తవాక్యమునకు పుట్టిల్లు లేదు. అది ప్రత్యక్షమో, ఆప్తవాక్యమో, ఊహయో తెలియదు.

అప్రామాణ్యజ్ఞానమును గూర్చిన మొదటి పరిమితి మరింత గమనింపదగినది. పాతనిశ్చయముమీద ఇది తప్పేమోనను శంక పడినంతనే దాని అడ్డగించు శక్తి పోవును, అప్పుడు క్రొత్తజ్ఞానమునకు దారి ఏర్పడును. ముందు విడుపు, పిదప చేర్పు అను లెవి క్రమమునకు ఇది దగ్గరగా నున్నది. దగ్గరగా నున్నదనియే చెప్పవలెను, అదే యిది యని చెప్పరాదు. ఏ.జి.ఎం. సిద్ధాంతము వివేకి ఎట్లు మారవలెనో చెప్పును. నవ్యన్యాయము జ్ఞానము ఏ కారణములవలన పుట్టును, ఏ కారణములవలన పుట్టదు అని చెప్పును. ఒకటి విధి, వేరొకటి కార్యకారణభావము. మరియు ఏ.జి.ఎం. విశ్వాససముదాయములో ఫలితార్థములన్నియు ముందే చేరియుండును. నైయాయికునకు జ్ఞానము క్షణికము, పుట్టనిది లేనిదే. ఈ భేదములను కప్పిపుచ్చి వ్రాయు పోలికలు శాస్త్రమునకు గౌరవము చేయవు.

ఎదుటివారినుండి నేర్వదగినదియు కలదు. కత్సునో, మెండెల్జన్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞులు 1991లో ఒక భేదమును చూపిరి. లోకము మారకుండ దానిని గూర్చిన తలపు సరిదిద్దబడుట ఒకటి, లోకమే మారగా తలపు దాని ననుసరించుట వేరొకటి. రెంటికిని నియమములు వేరు. ఈ దృష్టితో చూచినచో అపచ్ఛేదము రెండవదానికి దగ్గర, ఏలయనగా అక్కడ యాగమధ్యమున క్రొత్తసంఘటనము జరిగినది. శుక్తిరజతభ్రమ మొదటిదానికి చేరును, ముత్యపుచిప్ప ముందునుండియు చిప్పయే. ప్రత్యక్షమునకు శ్రుతికి విరోధము వచ్చినపుడు అద్వైతులు అపచ్ఛేదన్యాయమును జ్ఞానములకు అన్వయించిరి. ఆ అన్వయము ఎంతవరకు యుక్తమని ద్వైతులు చేసిన విచారమును ఈ భేదముతో క్రొత్తగా పరీక్షింపవచ్చును. పండితులకు ఇది చేతినిండ పని.

ఈ పని ఎవరు చేయవలెను? ప్రతీకతర్కము తెలిసినవారిలో మీమాంసాపంక్తిని తప్పులేకుండ అన్వయింపగలవారు అరుదు. ఆ పంక్తిని అన్వయింపగలవారు ప్రాచ్యకళాశాలలలో నున్నారు. ప్రతీకములు నేర్చుటకు వారికి వలసినది కొలదికాలపు శ్రమయే. శాస్త్రములో ఒక పంక్తి కుదురుటకు పట్టు కాలముతో పోల్చినచో అది అల్పము. విద్యాప్రణాళికను మార్చవలసిన పనియు లేదు. బాధితమును చెప్పునాడు పైని చెప్పిన తాళపత్రసమస్య నొకదానిని విద్యార్థుల ముందుంచి, దేనిని విడుతురో, ఎందువలన విడుతురో వ్రాయుడనిన చాలును. కొందరు కవికాలమును విడుతురు, కొందరు స్వహస్తలేఖనమును విడుతురు. అప్పుడు వారివారి తారతమ్యక్రమము బయటపడును, దానిని సమర్థింపవలసివచ్చును.

పరిశోధకులకును ఇది వర్తించును. కవికాలనిర్ణయములందు, కర్తృత్వవివాదములందు క్రొత్త శాసనమో క్రొత్త ప్రతియో దొరకినపుడు పాతమతమును పట్టుకొనినవారు మొండివారనియు, క్రొత్తదానిని పట్టుకొనినవారు చంచలులనియు పరస్పరము నిందించుకొనుట కలదు. రెండు నిందలును నిష్ప్రయోజనములు. క్రొత్త ఆధారము పాతదానిమీద ఆధారపడియున్నదా, నిరపేక్షమా? దాని పుట్టుక ఎట్టిది? పాతనిశ్చయముమీద శంకకు తావున్నదా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాసి పిదప తన పక్షమును చెప్పిన పండితుడు ఓడినను అతని వాదము తరువాతివారికి పనికివచ్చును. తన క్రమమును చెప్పకుండ గెలిచినవాని గెలుపు, మరియొక శాసనము దొరకునంతవరకే.