మేకులు కొట్టినదెవరు?

మొన్న పాత పుస్తకాల పెట్టె సర్దుతూ ఉంటే అట్ట ఊడిన నోటుపుస్తకం ఒకటి చేతికి తగిలింది. ఉద్యోగంలో ఉన్న రోజులలో పిల్లల కోసం నేను వ్రాసిన నాటికలు అందులో ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు ‘సిలువ’. మా పాఠశాలలో గణితం చెప్పే క్రైస్తవ మిత్రుని కోరికపై వ్రాశాను. నేను క్రైస్తవుణ్ణి కాను, భారత భాగవతాలు చెప్పుకొని బ్రతికిన తెలుగు పండితుణ్ణి. అయినా నాలుగు సువార్తలూ శ్రద్ధగా చదివి, సంభాషణలు కూర్చి, పిల్లలచేత వల్లె వేయించాను. చప్పట్లు బాగానే మ్రోగాయి.

తెర దించిన తరువాత ఆ మిత్రుడు నన్ను ప్రక్కకు పిలిచి, “మాస్టారూ, భాష చాలా బాగుంది. కానీ మీ పిలాతు అంత సాధువైతే ఆ మేకులు కొట్టినదెవరండీ?” అని అడిగాడు. నేను నవ్వి ఊరుకున్నాను. నా నాటికలో పిలాతు కన్నీరు పెట్టుకుంటాడు, చేతులు కడుక్కుంటాడు. యూదులందరూ ఏకకంఠంతో రక్తం కావాలని అరుస్తారు. ఇన్నేళ్ళకు ఆ పుటలు మళ్ళీ చదివితే నాకు నవ్వు రాలేదు. ఆ రోజు ఇవ్వవలసిన సమాధానం ఇప్పుడైనా వ్రాయాలనిపించింది.

యేసు సిలువ మరణం గురించి వాదాలు ఎప్పుడూ రెండు కొసల నుండి మొదలవుతాయి. ఒకరు అక్షరమక్షరం అట్లే జరిగిందంటారు. మరొకరు అసలు అట్టి మనిషే లేడంటారు. ఈ రెండింటికీ నడుమ చరిత్రకు నిలిచే నేల కొంత ఉంది. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ క్రీ.శ. 116 ప్రాంతంలో వ్రాసిన గ్రంథంలో, తిబెరి చక్రవర్తి పాలనలో పిలాతు చేతిలో క్రీస్తు మరణశిక్ష పొందాడని చెప్పాడు. ఆయనకు క్రైస్తవులంటే ఏవగింపు. పొగడడానికి వ్రాసిన వాక్యం కాదది. అంతకు ముందే, 93-94లో, యూద చరిత్రకారుడు జోసీఫస్ కూడా యేసును ప్రస్తావించాడు. ఆ భాగంలో తరువాతి క్రైస్తవ లేఖకుల చేర్పులు ఉన్నాయని పండితులలో అత్యధికులు అంగీకరిస్తారు. చేర్పులను తీసివేస్తే మిగిలేది మూలమనీ వారిలో చాలామంది భావిస్తారు. పిలాతు విషయానికి వస్తే, 1961లో కైసరయలోని ప్రాచీన రంగశాలలో అతని పేరు చెక్కిన శిల దొరికింది. యూదయను అతడు క్రీ.శ. 26 నుండి 36 వరకు పాలించాడు. యేసు ఆ కాలంలో, ఆ అధికారి ఆజ్ఞపై సిలువ వేయబడ్డాడన్న విషయంలో ఆస్తిక నాస్తిక చరిత్రకారులకు పెద్దగా భేదాభిప్రాయం లేదు.

ఇక తేడాలున్న చోటికి వద్దాం. మార్కు, మత్తయి, లూకాల ప్రకారం కడరా భోజనమే పస్కా భోజనం. అంటే మరణం నీసాను మాసం 15వ నాడు. యోహాను ప్రకారం పస్కా గొఱ్ఱెపిల్లలను వధించే నాడే, అంటే 14న, ఆయన మరణించాడు. మార్కు పగటి మూడవ గంటకు, అంటే మన తొమ్మిదింటికి, సిలువ వేశారంటాడు. యోహాను చెప్పిన ఆరవ గంటను సామాన్య గణన ప్రకారం మధ్యాహ్నమనుకుంటే, ఆ వేళకు ఇంకా తీర్పే ముగియలేదు. చివరి పలుకులూ వేరే. మార్కులో “నా దేవా, నన్నెందుకు విడనాడితివి” అన్న ఆక్రోశం, లూకాలో తండ్రికి ఆత్మను అప్పగించిన ప్రశాంతి, యోహానులో కార్యం సమాప్తమైనదన్న నిశ్చయం. శుక్రవారమని నలుగురూ అంటారు. పంచాంగ గణితం ప్రకారం క్రీ.శ. 30 ఏప్రిల్ 7, లేదా 33 ఏప్రిల్ 3 అని ఎక్కువమంది ఊహ.

ఈ తేడాలు చూపి అంతా కల్పన అనేవారికి నా వృత్తిధర్మం నుండి ఒక మాట చెప్పగలను. ఒకే పద్యానికి నాలుగు తాళపత్ర ప్రతులలో నాలుగు పాఠాంతరాలు కనిపిస్తే, పద్యమే లేదని ఏ పరిష్కర్తా అనడు. ఏ ప్రతి ఎవరి కోసం, ఎందుకు అట్లా మారిందో విచారిస్తాడు. గొఱ్ఱెపిల్ల వధ వేళకు మరణాన్ని జరపడంలో యోహాను తత్త్వదృష్టి ఉంది. విడనాడితివన్న మాటను మార్కు దాచకపోవడంలో ఒక నిజాయితీ ఉంది. తమ ప్రభువు నోట అట్టి నిస్సహాయవాక్యాన్ని భక్తులు పనిగట్టుకొని కల్పించడం కష్టం.

యేసు సిలువపై మరణించలేదనే వాదాలూ మనవారు తరచు ఎత్తుతారు. ఖురాను నాలుగవ సూరా ఆయనను చంపలేదనీ, సిలువ వేయలేదనీ, వారికి అట్లు తోపించబడిందనీ అంటుంది. ఆయన బ్రతికి కాశ్మీరానికి వచ్చాడని అహ్మదీయ మతస్థాపకుడు మీర్జా గులాం అహ్మద్ 1899లో వ్రాసిన గ్రంథంలో వాదించాడు. విశ్వాసంగా వాటిని గౌరవిద్దాం. అయితే చరిత్ర విచారించేటప్పుడు మొదటి శతాబ్దపు సాక్ష్యాన్ని ఏడవ శతాబ్దపు వాక్యంతోనో, పంతొమ్మిదవ శతాబ్దపు ఊహతోనో త్రోసివేయడం కుదరదు.

అసలు ఆ శిక్ష ఎట్టిదో మనం మరచిపోయాం. సిరియాక్ ‘స్లీబా’, తమిళ ‘సిలువై’, మన ‘సిలువ’ ఒకే తీగకు కాచిన కాయలు. మెడలో బంగారు గొలుసుకు వ్రేలాడి వ్రేలాడి ఆ మాట మెత్తబడింది. ‘కొఱత వేయుట’ అన్న మన పాత మాటను తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుందే, రోమన్లకు సిలువ అన్న మాట అంత జుగుప్స కలిగించేది. రోమన్ పౌరుని కంటికీ చెవికీ తలపుకూ కూడా ఆ మాట దూరంగా ఉండాలని సిసెరో వాదించాడు. అది బానిసలకూ తిరుగుబాటుదారులకూ పెట్టిన చావు. స్పార్టకస్ తిరుగుబాటు అణగిన తరువాత క్రీ.పూ. 71లో ఆప్పియన్ మార్గం పొడుగునా ఆరువేల మందిని సిలువ వేశారు. హేరోదు మరణించినప్పుడు చెలరేగిన అల్లర్లలో, క్రీ.పూ. 4లో, వారుస్ అనే సేనాని రెండువేల మందిని వేయించాడు. క్రీ.శ. 70లో యెరూషలేము ముట్టడినాడు రోజుకు ఐదువందల మందిని, ఒక్కొక్కనాడు అంతకు మించి వేసేవారనీ, సిలువలకు చోటు, శరీరాలకు సిలువలు చాలలేదనీ జోసీఫస్ వ్రాశాడు. వారిలో అత్యధికులు యూదులని గమనించండి.

1968లో యెరూషలేము ఉత్తర ప్రాంతపు సమాధిలో యెహోహానాన్ అనే యువకుని ఎముకలు దొరికాయి. మడమ ఎముకలో సుమారు పదకొండున్నర సెంటీమీటర్ల ఇనుప మేకు అట్లే దిగి ఉంది. కొన వంగిపోవడంతో తీయడం సాధ్యం కాక కాబోలు, దానితోనే పూడ్చిపెట్టారు. ఆ యువకునికి సువార్త వ్రాసినవారు లేరు. రోము సిలువ వేసిన వేలాదిమందిలో మనకు పేరు తెలిసినవారు ఎందరు?

ఇప్పుడు మా మిత్రుని ప్రశ్నకు వద్దాం. మేకులు కొట్టినది రోమన్ సైనికులు. ఆజ్ఞ రోమన్ అధికారిది. శిక్ష రోమన్ శిక్ష. తలపై వ్రేలాడదీసిన నేరం ‘యూదుల రాజు’, అంటే రాజద్రోహం. ఇరువైపులా వేసినవారిని తెలుగులో దొంగలంటాం. గ్రీకు మూలంలో మార్కు వాడిన ‘లేస్తై’ అన్న మాటనే జోసీఫస్ తిరుగుబాటుదారులకు వాడాడు. చిల్లరదొంగకు సిలువ ఎందుకు? పదాన్ని పట్టుకుంటే రంగమంతా మారిపోతుంది.

దేవాలయాధిపతులకు ఇందులో పాత్ర లేదని నేను అనడం లేదు. ప్రధాన యాజకుడు కయప రోమన్ల దయపై ఆ పదవిలో ఉన్నవాడు. పండుగకు లక్షలుగా జనం చేరినప్పుడు కలకలం రేగితే ముందు తన తలకే ముప్పు. అప్పగించి ఉండవచ్చు. ఏలినవారికి, ఏలినవారి కొలువులో ఉన్నవారికి చెందిన ఆ పనిని ఒక జాతికంతటికీ అంటగట్టడంలోనే దోషముంది. యేసు యూదుడు, ఆయన తల్లి యూదురాలు, సిలువ దగ్గర ఏడ్చిన స్త్రీలూ యూదులే.

మరి సువార్తలలో పిలాతు ఎందుకంత మెత్తబడ్డాడు? సమకాలికుడైన ఫైలో అతనిని మొండివాడు, క్రూరుడు అన్నాడు. సమరయులను ఊచకోత కోయించినందుకే చివరకు పదవి పోయిందని జోసీఫస్ చెబుతున్నాడు. సువార్తలలో అధికభాగం క్రీ.శ. 70 యుద్ధం తరువాత రూపొందాయని విమర్శకుల మతం. రోము నీడన బ్రతుకుతూ, తమ ప్రభువు రాజద్రోహి కాడని రోముకే చెప్పుకోవలసిన చిన్న సమాజం అది. అట్టివారి కలంలో నేరం పాలకుని మీది నుండి మెల్లగా జనం మీదికి జరగడం వింత కాదు. చేతులు కడుక్కోవడమూ, ఈయన రక్తం మా మీదా మా పిల్లల మీదా ఉండుగాక అని జనం అరవడమూ మత్తయిలో మాత్రమే ఉన్నాయి.

ఆ ఒక్క వాక్యానికి లోకం చెల్లించిన మూల్యం చూడండి. 1096లో మొదటి క్రూసేడుకు బయలుదేరిన మూకలు, క్రీస్తును చంపినవారి మీద పగ తీర్చుకుంటామంటూ రైన్ నదీతీరంలోని వర్మ్స్, మైంజ్ నగరాలలో యూదులను వధించాయి. బవేరియాలోని ఓబరమ్మర్‌గావ్ గ్రామంలో 1634 నుండి ఆడుతున్న సిలువ నాటకాన్ని 1934లో హిట్లర్ వెళ్ళి చూశాడు. ఆనాడు జరిగినదానిని అప్పటి యూదులందరిపైనా గాని, నేటి యూదులపైన గాని మోపరాదని కేథలిక్ సంఘం రెండవ వాటికన్ సభలో స్పష్టంగా ప్రకటించినది 1965లో. ఓబరమ్మర్‌గావ్ నాటకపాఠాన్నీ ఇటీవలి దశాబ్దాలలో బాగా సంస్కరించారు. చరిత్రలో ‘ఎవరు’ అన్న ప్రశ్నకు తప్పు జవాబు వ్రాస్తే, ఆ తప్పు కాగితం మీద ఆగదని దీని వల్ల తెలుస్తున్నది.

“అంతా చరిత్ర అయితే అర్థం మాటేమిటి?” అని ఆస్తిక మిత్రులు అడగవచ్చు. ఆ మరణం లోకపాపానికి పరిహారమా కాదా అన్నది శిలాశాసనాలు తేల్చే విషయం కాదు. క్రైస్తవులలోనే వ్యాఖ్యానాలు అనేకం. సాతాను చెర నుండి విడిపించడానికి చెల్లించిన వెల అని ప్రాచీనులలో కొందరన్నారు. దేవుని గౌరవానికి మనిషి పడిన ఋణాన్ని తీర్చడమని 1098 ప్రాంతంలో అన్సెల్మ్ వాదించాడు. మనిషి హృదయాన్ని కరిగించే ప్రేమకు నిదర్శనమని తరువాతి తరం వాడైన అబెలార్డ్ అన్నాడు. అయితే 381 నాటి విశ్వాసప్రమాణంలో యేసు కాక పేరు పెట్టి చెప్పిన మనుష్యులు ఇద్దరే. ఒకరు మరియ, రెండవవాడు పొంతి పిలాతు. భక్తులు నేటికీ ప్రార్థనలో ఆ అధికారి పేరు పలుకుతున్నారంటే, ఇది ఏ పురాణయుగంలోనో కాక ఫలానావాని ఏలుబడిలో జరిగిందని సాక్ష్యం చెప్పడానికే. చరిత్రను విశ్వాసమే గుమ్మంలోకి పిలిచింది. దానికి పీట వేయక తప్పదు.

ఈ సందర్భంలో నాకు ఆదిపర్వంలోని మాండవ్యుడు గుర్తుకు వస్తాడు. మౌనవ్రతంలో ఉన్న ఆ మునిని దొంగలతో పాటు పట్టుకొని, రాజభటులు కొఱత వేయించారు. ఆయన చావక, యముని వద్దకు పోయి, ఏ పాపానికి ఈ శిక్ష అని నిలదీశాడు. చిన్ననాడు పురుగులను పుల్లతో గ్రుచ్చావని యముడన్నాడు. తెలియని వయసు తప్పుకు ఇంత దండనా అని ముని ధర్మదేవతనే శపించాడు. ఆ శాపఫలమే విదురుడు. నిరపరాధి కొఱ్ఱు మీద ఉన్నప్పుడు ప్రశ్న వేయవలసినది దండధరుణ్ణి అని మన కథ చెప్పింది. నా దృష్టిలో సిలువ కథకూ అదే మొదటి అర్థం. బానిసకు పెట్టే హీనమైన చావు చచ్చినవానిని దేవుడన్నప్పుడు, దండించే అధికారమంతా ఆ క్షణాన బోనులో నిలబడింది. పరిహారమని నమ్మేవారు నమ్ముదురుగాక. నమ్మని నావంటివాడికి కూడా ఆ అర్థం చాలు. కానీ పిలాతును సాధువును చేసి, జనాన్ని రాక్షసులను చేస్తే ఆ అర్థం కాస్తా తలక్రిందులవుతుంది. అధికారం చేతులు కడుక్కొని వెళ్ళిపోతుంది.

నోటుపుస్తకంలో ఆ రంగం మళ్ళీ వ్రాశాను. జనసమూహపు అరుపులు కొట్టివేశాను. కొద్దిమంది యాజకుల గుసగుసలు, దూరంగా ఏడ్చే స్త్రీలు మిగిలారు. పిలాతు కన్నీరు కూడా కొట్టివేశాను. ఇప్పుడతడు ఆజ్ఞాపత్రంపై ముద్ర వేసి, తరువాతి కేసు ఏమిటని అడుగుతాడు. ఆడించడానికి నాకిప్పుడు పిల్లలు లేరు, ఆ గణితం మాస్టారూ లేరు. ఉంటే మొదటి ప్రతి ఆయనకే ఇచ్చి ఉండేవాణ్ణి.

ఇది నా అభిప్రాయం. వేరుగా తలచే విజ్ఞులు ఆధారాలతో చెబితే దిద్దుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఎఱ్ఱసిరా పెన్ను ఇంకా నా దగ్గరే ఉంది.

స్వస్తి.