పొరుగింటి బంగారం

మేడారం జాతర నుంచి తిరిగొచ్చిన పక్కింటావిడ గిన్నెలో ఇంత బెల్లం పెట్టుకుని మన గడప దగ్గరికి వస్తుంది. జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా, భూపాలపల్లిలోనైనా దాన్ని బెల్లం అనరు, ‘బంగారం’ అంటారు. సమ్మక్క సారలమ్మ గద్దెల దగ్గర నిలువెత్తు బంగారం తూచి మొక్కు చెల్లించి, అందులోంచి కొంత ఇంటికి తెచ్చి పదిళ్లకు పంచుతోంది ఆమె. మనల్ని తన వాళ్లనుకుంది కాబట్టే మన గడప ఎక్కింది.

ఇప్పుడు మనం ఏం చేయాలి? తీసుకుని తినాలా? తీసుకుని, ఆవిడ వెళ్లాక కోళ్లకు వేయాలా? ‘మేము ప్రభువును నమ్ముకున్నోళ్లం, మాకొద్దు’ అని తలుపు వేసుకోవాలా? మన సంఘాల్లో ఈ మూడూ జరుగుతున్నాయి. విగ్రహారాధన మీద ప్రసంగాలు లెక్కలేనన్ని విన్నాం గానీ, మొక్కు తీర్చుకుని వచ్చిన పొరుగావిడ గురించి ఒక్క ప్రసంగమూ విన్నట్టు గుర్తులేదు. నిజానికి మేడారంలో విగ్రహాలే లేవు. చిలకలగుట్ట నుంచి తెచ్చే కుంకుమ భరిణె, అడవి నుంచి తెచ్చే వెదురు, అంతే. 2019 ఫిబ్రవరి వరకు భూపాలపల్లి జిల్లాలోనే ఉండి, ఇప్పుడు ములుగు జిల్లాలో చేరిన ఆ అడవి పల్లె జాతర గురించి, దానికి కూతవేటు దూరంలో ఉంటూ కూడా మనకు తెలిసింది తక్కువే.

పౌలు సువార్త చెప్పింది సరిగ్గా ఇలాంటి వీధుల్లోనే. గ్రీకులకు, రోమీయులకు దేవతలు గుళ్లలోనే కాదు, గడపలో, పొయ్యిలో, నాలుగు దారుల కూడలిలో ఉండేవారు. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన పాంపే నగరాన్ని తవ్వితే, ఇళ్లలో, వంటగదుల గోడల మీద ‘లారెస్’ అనే గృహదేవతల గూళ్లు బయటపడ్డాయి. గ్రీకుల జ్యూస్‌కు, అంటే రోమీయుల జూపిటర్‌కు, మన తెలుగు బైబిలు అనువాదకులు ‘ద్యుపతి’ అని పేరు పెట్టారు (అపొ.కా. 14:12). ఆ మాట ఊరికే ఎంచుకున్నది కాదనిపిస్తుంది మాకు. జూపిటర్, వేదాల్లోని ద్యౌస్ పితర్ ఒకే మూలం నుంచి వచ్చిన పేర్లని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు. ఆకాశపు తండ్రి అని అర్థం. మొక్కులు కూడా మన దగ్గర ఉన్నట్టే ఉండేవి. మొక్కిన మొక్కును ఇష్టంగా చెల్లించామని నాలుగే నాలుగు అక్షరాల్లో చెక్కించిన రాళ్లు పాత రోమా సామ్రాజ్యపు నేలల్లో ఎన్నో దొరికాయి. బిడ్డ జ్వరం తగ్గాలి, చేను పండాలి, దండుకు వెళ్లిన కొడుకు క్షేమంగా తిరిగి రావాలి. ఆ రాళ్ల వెనకున్న భయం మన పక్కింటావిడ భయమే. మనకూ తెలిసిన భయమే.

కొరింథు విశ్వాసులకు ఈ గిన్నె సమస్య రోజూ ఎదురయ్యేది. బలి ఇచ్చిన పశువులో ఎముకలూ కొవ్వూ దేవతకు కాల్చి, మాంసం మనుషులు తినేవారు. మిగిలింది అంగడికి వచ్చేది. కొరింథులో వైద్యదేవత అస్క్లేపియస్ గుడిని తవ్వితే దానికి ఆనుకుని భోజనశాలలు కూడా కనబడ్డాయి. బంధువు పిలిస్తే వెళ్లాలా, మానాలా? పౌలు ఒకే ముక్కలో తేల్చలేదు. కటికవాని అంగడిలో అమ్మేది ఏ విచారణా చేయకుండా తినమన్నాడు. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే వెళ్లి, వడ్డించింది తినమన్నాడు. అయితే ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాని మనస్సాక్షి కోసం తినవద్దన్నాడు (1 కొరింథీ. 10). ఇక దయ్యాల బల్ల దగ్గరా ప్రభువు బల్ల దగ్గరా రెండు చోట్లా కూర్చోవడం కుదరదని అంతకుముందే గట్టిగా చెప్పాడు.

పక్కింటావిడ బెల్లం పేరు చెప్పి మరీ ఇస్తోంది. కాబట్టి తినకూడదనే మేము అనుకుంటాం. కానీ తలుపు వేయమని పౌలు ఎక్కడా అనలేదు. ఆమెను లోపలికి పిలిచి, మంచినీళ్లిచ్చి, జాతర ప్రయాణం ఎలా జరిగిందో, వాగులో నీళ్లున్నాయో లేదో అడిగి, ‘వదినా, ఇది మేము తినం, ఏమనుకోకు’ అని ముఖం చూసి చెప్పవచ్చు. తీసుకుని వెనకాల పారేయడం కన్నా అది ఎంతో మేలు. పారేసిన సంగతి పిల్లల ద్వారా ఆవిడకు తప్పకుండా తెలుస్తుంది. క్రిస్మస్‌కు మనం పంపిన కేకును ఆవిడ ఏ విచారణా చేయకుండానే తింటుందన్న సంగతీ మరచిపోవద్దు.

బెల్లం కన్నా కష్టమైనది బొడ్రాయి. గ్రీసులోని డెల్ఫీలో లోకానికి బొడ్డుగా ఒక రాయిని నిలిపారు. మన ఊళ్లలోనూ ఊరి బొడ్డుగా ఒక రాయి ఉంటుంది. దాని పండగకు ఇంటికింత అని చందా వేస్తారు. ఒక్క ఇల్లు తప్పుకున్నా ఊరికి అరిష్టమని పెద్దల భయం. రోములోనూ ఇదే భయం. వరదలొచ్చినా కరువొచ్చినా నేరం క్రైస్తవుల మీదే వేస్తున్నారని తెర్తుల్లియను వాపోయాడు. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియ అధిపతి ప్లినీ, చక్రవర్తి ప్రతిమ ముందు సాంబ్రాణి, ద్రాక్షారసం అర్పించినవారిని వదిలిపెట్టి, క్రీస్తును విడువని వారిని చంపించాడు. పైగా బలిపశువుల మాంసం కొనేవాళ్లే కరువయ్యారని చక్రవర్తి త్రాజానుకు రాశాడు.

పూజకు వేసే చందా ఇవ్వలేమని చెప్పే హక్కు మనకుంది. రాజ్యాంగం 25వ అధికరణం మనస్సాక్షి స్వేచ్ఛను అందరికీ ఇచ్చింది. తరతరాలుగా ఊరి పండగలకు డప్పు కొట్టే వంతు మోసిన వాడల నుంచి వచ్చిన విశ్వాసులు ‘ఇక కొట్టం’ అన్నప్పుడు, అందులో విశ్వాసంతో పాటు ఆత్మగౌరవం కూడా ఉంది. దాన్ని తప్పుపట్టలేం. అయితే చెరువు పూడిక తీతకు, బడి గోడకు, దిక్కులేని వాని అంత్యక్రియలకు చందా అడిగినప్పుడు కూడా మన ఇల్లు వెనకబడితే, ఊరివాళ్లు దాన్ని విశ్వాసం అనరు, పిసినారితనం అంటారు. అలా అనిపించుకున్న సంఘాలు లేకపోలేదు.

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో, జనగామ దాటక ముందే పెంబర్తి వస్తుంది. కాకతీయుల కాలం నుంచి ఇత్తడి రేకు మీద దేవతామూర్తులను, గుడి తలుపుల తొడుగులను మలిచే పనివాళ్ల ఊరు. ఆ దుకాణాల ముందు బస్సు సాగుతుంటే మాకు ప్రతిసారీ ఎఫెసు గుర్తుకొస్తుంది. అర్తెమిదేవి వెండి గుళ్లు చేసే దేమేత్రియ తన పనివాళ్లను పోగు చేసి, పౌలు వల్ల మన జీవనం పోతోందన్నాడు. పట్టణమంతా 20,000 మందికి పైగా పట్టే నాటకశాలలోకి పరుగెత్తింది. రెండు గంటల పాటు ఒకటే కేక. అప్పుడు కరణం లేచి గుంపును సముదాయించాడు. ఏమైనా ఫిర్యాదు ఉంటే న్యాయసభలున్నాయని గుర్తు చేశాడు. అంతకు ముందు ఒక మాట అన్నాడు. వీళ్లు గుడి దోచినవాళ్లూ కారు, మన దేవతను దూషించినవాళ్లూ కారని (అపొ.కా. 19:37).

పౌలు ఆ ప్రాంతంలో మూడేళ్లు బోధించాడు. చేతులతో చేసినవి దేవతలు కావని బాహాటంగానే చెప్పాడు, దేమేత్రియ కోపమంతా దానికే. అయినా అర్తెమిదేవిని తిట్టిన మాట ఒక్కటి కూడా కరణం చెవిన పడలేదు. మన కూటాల్లో మైకు గుడి వైపు తిప్పి పెట్టి, పొరుగువారి దేవతల పుట్టుక మీద, పెళ్లిళ్ల మీద పరిహాసాలాడి, జనం నవ్వితే అదే అభిషేకమనుకునే బోధకులున్నారు. వారిని పిలిచేదీ, దండ వేసేదీ మనమే. రేపు మన ఊళ్లో గుంపు కూడితే, మన సర్పంచ్ మన గురించి ఆ సాక్ష్యం ఇవ్వగలడా?

ఎఫెసు కరణం క్రైస్తవుడు కాడు. తర్వాత అయ్యాడని కూడా లూకా రాయలేదు.