లెక్కకు దొరికిన కూలీ ఓటుకు దొరకలేదు
కాలిఫోర్నియా సెనేట్ నియోజకవర్గం చెప్పే పాఠం

కాలిఫోర్నియా అనగానే మనవాళ్లకు కంప్యూటరు కొలువులు, సినిమా స్టూడియోలు మనసులో మెదులుతాయి. ఆ రాష్ట్రం నడిబొడ్డున శాన్ వాకీన్ లోయ ఉంది. ద్రాక్ష, బాదం, నారింజ, పత్తి, పాడి - అమెరికా తిండిలో పెద్ద వాటా ఇక్కడ పండుతుంది. నడుం వంచి పండించేది ఎక్కువగా మెక్సికో నుంచి వలస వచ్చిన కూలీలు. తోటలు మాత్రం బడా కంపెనీలవి, భూస్వాములవి.

ఈ లోయలో ఒక సెనేట్ నియోజకవర్గం ఉంది. రాష్ట్ర సెనేట్ అంటే మన శాసనమండలి లాంటి ఎగువసభ. అయితే అక్కడ సభ్యుణ్ణి జనమే నేరుగా ఎన్నుకుంటారు. మొత్తం 40 సీట్లు. కెర్న్, టులారే, కింగ్స్ కౌంటీల్లో పరచుకుని ఉన్న 16వ నియోజకవర్గంలో 2022 నవంబరులో పోలైన ఓట్లు లక్షా ముప్పై వేలకు పైమాటే. గెలిచిన మెలిస్సా హుర్టాడోకూ, ఓడిన డేవిడ్ షెపర్డ్‌కూ మధ్య తేడా రెండు డజన్ల ఓట్లు కూడా లేదు!

తేడా సంగతి పత్రికలన్నీ రాశాయి. అసలు సంగతి వేరే ఉంది. 2020 జనాభా లెక్కల ప్రకారం ఒక్కో సెనేట్ నియోజకవర్గంలో సుమారు 9 లక్షల 88 వేల మంది ఉంటారు. అంటే ఈ లోయలో ఏడుగురిలో ఒకరే ఓటు వేశారు. రాష్ట్రం మొత్తంమీద సగటు తీస్తే నియోజకవర్గానికి రెండు లక్షల డెబ్భై వేల పైచిలుకు ఓట్లు పడ్డాయి. ఇక్కడ పడినవి అందులో సగం. మిగతా జనం ఏమయ్యారు? దీనికి జవాబు కావాలంటే నూరేళ్లు వెనక్కి పోవాలి.

ఎకరాలకు ఓటున్న కాలం

1926కు ముందు కాలిఫోర్నియాలో రెండు సభలకూ జనాభానే ప్రాతిపదిక. లాస్ ఏంజెల్స్ నగరం పెరిగేకొద్దీ సీట్లన్నీ అటు పోతాయని పల్లె భూస్వాములకు గుబులు పుట్టింది. ఫార్మ్ బ్యూరో లాంటి రైతు సంఘాలు - పేరుకు రైతు సంఘాలే, పెత్తనం మోతుబరులది - శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారులతో చేతులు కలిపి 1926లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టించి నెగ్గాయి. కొత్త నిబంధన ఏమంటే: ఏ కౌంటీకీ ఒక సెనేటరుకు మించి ఉండకూడదు. ఒక నియోజకవర్గంలో మూడు కౌంటీలకు మించి కలపకూడదు.

ఫలితం చూడండి. 1960 నాటికి లాస్ ఏంజెల్స్ కౌంటీ జనాభా 60 లక్షల 38 వేలు. సెనేటరు ఒక్కడే. కొండల్లోని ఆల్పైన్, ఇన్యో, మోనో కౌంటీలు మూడూ కలిపి 14,294 మంది. వారికీ ఒక సెనేటరే! అంటే అక్కడి ఒక్క ఓటు నగరంలోని 422 ఓట్లతో సమానం. రాష్ట్ర జనాభాలో నూటికి పదకొండు మంది కూడా లేనివారు సెనేట్‌లో మెజారిటీని ఎన్నుకోగలిగేవారు. 1948లో, 1960లో, 1962లో దీన్ని మార్చాలని ప్రజల ముందు పెట్టినా ప్రతిపాదనలు ఓడిపోయాయి.

మన లోయలోని కెర్న్ కౌంటీకి 2 లక్షల 92 వేల జనాభాతో ఒక సెనేటరు దక్కాడు. లాస్ ఏంజెల్స్ సెనేటరుతో సరిసమానుడు. పల్లెకు బలం వచ్చింది కదా, కూలీ బాగుపడ్డాడా అంటే, లేదు. పల్లె వేరు, పల్లెలో పెత్తందారు వేరు. 1935లో యూనియన్ పెట్టుకునే హక్కు ఇచ్చిన జాతీయ చట్టం వ్యవసాయ కూలీలను పక్కకు నెట్టింది. ఆ లోటు పూడ్చే చట్టం చేయడానికి పల్లె సీట్లతో నిండిన రాష్ట్ర సెనేట్ పూనుకోలేదు. 1957 నుంచి 1969 దాకా ఆ సెనేట్‌ను నడిపించినవాడు ఈ లోయలోని ఫ్రెస్నో సెనేటరు హ్యూ బర్న్స్. కమ్యూనిస్టులను వేటాడే విచారణ సంఘానికి నాయకుడు కూడా ఆయనే. పల్లె బలం ఎవరి చేతిలో కర్ర అయిందో వేరే చెప్పాలా?

తీర్పు ఒకవైపు, సమ్మె ఒకవైపు

1964 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు అలబామా కేసులో తీర్పు ఇచ్చింది. రాష్ట్ర శాసనసభలు రెండూ జనాభా ప్రకారమే ఉండాలి, సభ్యులు మనుషులకు ప్రతినిధులు గాని చెట్లకూ ఎకరాలకూ కాదు అని తేల్చింది. 1966 ఎన్నికలు కొత్త గీతల ప్రకారం జరిగాయి. లాస్ ఏంజెల్స్‌కు ఒక సీటు పోయి పదికి పైగా సీట్లు వచ్చాయి.

అదే రోజుల్లో, 1965 సెప్టెంబరులో, ఇదే లోయలోని డెలానో పట్టణంలో ద్రాక్షతోటల సమ్మె మొదలైంది. ముందు దిగినవారు లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలోని ఫిలిప్పీన్స్ కూలీలు. వారం తిరగ్గానే సీజర్ చావెజ్ వెంట ఉన్న మెక్సికన్ కూలీలు జతకూడారు. 1966లో డెలానో నుంచి రాజధాని శాక్రమెంటోకు కాలినడకన పోయారు. 1970లో యజమానులు ఒప్పందాలకు దిగివచ్చారు. 1975లో కూలీల యూనియన్ హక్కుకు రాష్ట్ర చట్టం వచ్చింది. తీర్పు సభ తలుపు తెరిచింది. ఆ తలుపులోంచి చట్టాన్ని తెచ్చింది మాత్రం పదేళ్ల పోరాటం.

సీటు చేతులు మారిన తీరు

ఇటీవలి చరిత్ర చూద్దాం. పదేళ్లకోసారి గీతలు మారినప్పుడు నియోజకవర్గం నంబరూ మారుతుంది: ఒకప్పుడు 16, తర్వాత 14, మళ్లీ 16. డెమొక్రాటిక్ పార్టీకి చెందిన మైకేల్ రూబియో 2010లో గెలిచి, 2013 ఫిబ్రవరిలో సీటు వదిలేసి చమురు కంపెనీ ఉద్యోగంలో చేరిపోయాడు. జనం ఇచ్చిన సీటుకు ఆయన కట్టిన విలువ అది! ఉపఎన్నిక తుది పోలింగు జూలైలో, పొలం పనులు ముమ్మరంగా సాగే రోజుల్లో పెట్టారు. రిజిస్టరైన ఓటర్లలో డెమొక్రాట్లే ఎక్కువైనా రిపబ్లికన్ ఆండీ విడాక్ గెలిచాడు. ఆయన చెర్రీ తోట యజమాని. 2014లో మళ్లీ గెలిచాడు. 2018లో హుర్టాడో ఆయన్ను ఓడించింది.

విడాక్ సీటులో ఉండగానే, 2016 ఆగస్టులో, కూలీల ఓవర్‌టైం బిల్లు సెనేట్‌కు వచ్చింది. అప్పటిదాకా వ్యవసాయ కూలీకి రోజుకు పది గంటలు దాటితేనే ఓవర్‌టైం. మిగతా కార్మికులకు ఎనిమిది గంటలకే. బిల్లు 21-14 ఓట్లతో నెగ్గింది. 40 మంది సభలో 21 తప్పనిసరి. ఒక్క ఓటు తగ్గితే బిల్లు చచ్చేది. లోయ కూలీ బిల్లును గట్టెక్కించినవి ప్రధానంగా నగరాల సభ్యుల ఓట్లు. 1926లో పల్లె పెద్దలు నగరాన్ని ఎందుకు కట్టడి చేశారో ఇప్పుడు బోధపడుతుంది.

చూపుకు ఉన్నాడు, మాటకు లేడు

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ఏడుగురిలో ఆరుగురు ఏమయ్యారు? కొందరు పసివాళ్లు. కొందరు పౌరులై ఉండీ పోలింగుకు దూరంగా ఉన్నవారు. ఎందరో పౌరసత్వ కాగితాలు లేని కూలీలు. ఆ రాష్ట్రపు వ్యవసాయ కూలీల్లో ఇంచుమించు సగం మంది అలాంటివారే. గీత గీసేటప్పుడు కూలీ తలను లెక్కిస్తారు. బ్యాలెట్ దగ్గరికి వస్తే నువ్వెవరివి అంటారు. అతని తలతో ఏర్పడిన సీటును అతని యజమాని ఓటు తేలుస్తుంది.

ఆ లెక్క కూడా ఉండకూడదన్నవారు ఉన్నారు. టెక్సాస్‌లో ఇద్దరు ఓటర్లు కోర్టుకెక్కి, సెనేట్ నియోజకవర్గాలకు మొత్తం జనాభా కాదు, ఓటర్లనే లెక్కించాలని వాదించారు. 2016 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. మొత్తం జనాభాను లెక్కించవచ్చని చెప్పింది. కనీసం తల లెక్క మిగిలింది.

మన దగ్గర?

దూరపు కొండల ముచ్చట అనుకోకండి. మన శాసనమండలి 1985లో రద్దయి 2007లో తిరిగి వచ్చింది. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం పట్టభద్రులకు పన్నెండో వంతు సీట్లు, ఉపాధ్యాయులకు పన్నెండో వంతు, స్థానిక సంస్థల సభ్యులకు మూడో వంతు. నాట్లేసే చేతికి ఎన్నో వంతు? అక్కడ అడిగేవాడే లేడు.

శాసనసభకు, పార్లమెంటుకు మనందరికీ ఓటుంది, నిజమే. కాని పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో మేస్త్రీ వెంట వలసపోయిన కూలీ, ఓటెయ్యాలంటే పని మానుకుని, చార్జీలు పెట్టుకుని ఊరు చేరాలి. రాకపోతే అతని తల ఊరి లెక్కలో ఉంటుంది, ఓటు పెట్టెలో ఉండదు. డెలానో కూలీకీ మనకూ ఇక్కడ చుట్టరికం కలుస్తుంది.

కాబట్టి సంఘాలు చేయాల్సిన పనులు కళ్లముందే ఉన్నాయి. ఓటరు జాబితా వచ్చినప్పుడు కూలిపేటలో ఇంటింటికీ పోయి పేర్లు సరిచూడాలి. వలసపోయినవారి పేరు తీసేస్తే అక్కడికక్కడే నిలదీయాలి. పోలింగు రోజున కూలి నష్టం లేకుండా సెలవు, ప్రయాణ సదుపాయం కోసం కొట్లాడాలి. ఓటుతోనే అన్నీ వస్తాయని కాదు. డెలానోలో సమ్మె లేకుండా చట్టం రాలేదు. కాని రెండు డజన్ల ఓట్లు కూడా లేని తేడాతో సీటు తేలిపోయే చోట, ఒక్క కూలిపేట కదిలినా లెక్క తారుమారవుతుంది. పెద్దలకు ఆ సంగతి 1926లోనే తెలుసు. మనకూ తెలియాలి.